ముక్కు విరిగిన చిలక

ఆ మధ్యాహ్నం వీరదుర్గకి కావలసినవి రెండే. కాలవలో నీళ్లు, ఆ నీళ్లలో దిగే మనిషి. నీళ్లు ఉన్నాయి. సాయంత్రం ఆరింటిదాకా ఉంటాయి. ఆ తర్వాత ఈ వంతు అయిపోయి లాకు దగ్గర తలుపులు దించేస్తారు, మళ్లీ ఎత్తేది వారం తర్వాతే. మనిషీ ఉన్నాడు. యాకోబు. కానీ లుంగీ కిందికి దించేసుకుని, షెడ్డు వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నాకున్నవి రెండే కాళ్లండి," అన్నాడు. "నేను దిగను."

పెడన పక్కన కాలవగట్టు మీద ఉంది అనసూయమ్మగారి కలంకారీ షెడ్డు. అందులో పదకొండేళ్లుగా అద్దకం చేస్తున్న వీరదుర్గకి, ఒక సరుకు మొత్తం తన చేతి మీద వదిలింది ఇదే మొదటిసారి. అరవై చీరల గుడ్డ. నలుపు అద్ది, పటిక అద్ది, మూడు రోజులు ఆరబెట్టింది. ఇక పారే నీళ్లలో జాడించాలి. తొట్లో జాడిస్తే వదిలిన మందు తిరిగి తెల్లచోటికే అంటుకుని, రేపు ఎర్రరంగులో ఉడకేసినప్పుడు గుడ్డంతా ఎర్రమచ్చలు పడుతుంది. పోనీ వారం ఆగుదామా అంటే, ఇనుము కలిసిన నలుపు గుడ్డని లోపల్లోపలే తినేస్తుంది. ఎటు చూసినా ఈవేళే, ఆరింటిలోపే. సరుకు పోతే "దుర్గ చేతికిస్తే ఇలాగే అవుతుంది" అంటారు. ఇంకెప్పుడూ ఇవ్వరు.

ఇంతకీ యాకోబు దిగనన్నది ఎందుకంటే, పొద్దున్న షెడ్డు వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు వచ్చింది. పైన ఎర్ర పట్టీ, "బ్రేకింగ్ న్యూస్" అని. కింద ఒక ఫోటో. ఫోటోలో కాలవ నీళ్లు నెత్తురు గడ్డకట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. మెట్టు దగ్గర చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి పడున్నాయి. దాని కింద రాత: "కాలవలో విషం!!!! పైనుంచి వస్తోంది. కాలు పెడితే కాలు పోతుంది. ఈ వార్త ఎవరూ చూపించరు. పది మందికి పంపండి. ప్రాణాలు కాపాడండి."

అనసూయమ్మగారు లాకు దగ్గర తలుపులు చూసే లస్కరుకి అరగంట నుంచి ఫోను చేస్తూనే ఉంది. అతను ఎత్తడం లేదు. ఆఖరికి విసుగొచ్చి, వరండాలో ప్లాస్టిక్కు కుర్చీ వైపు తిరిగింది.

"బావగారూ, మీకు ఇలాంటివి తెలుసంటారు కదా. ఇది నిజమా అబద్ధమా చెప్పండి. యాకోబు మీరు చెప్తే వింటాడు."

ఆ కుర్చీలో ఉన్నాయన పిచ్చేశ్వరరావు గారు. అనసూయమ్మగారి భర్తకి పెదనాన్న కొడుకు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరై, ఇప్పుడు షెడ్డులో మూటలు లెక్కపెట్టి మిగతా పొద్దంతా ఫోను చూస్తాడు. ఆయన్ని ఒక మాట అడిగితే ఒక మాటతో ఎప్పుడూ పోలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు. కళ్లజోడు తుడిచాడు.

"చెప్తా, అదెంతపని," అన్నాడు. "ముందు ఒక సంగతి వినండి. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడ్డవాణ్ణి నేను. వంద మంది ఎక్కితే టిక్కెట్టు లేనివాడెవడో మొహం చూసి పట్టేసేవాణ్ణి. వాడు కిటికీలోంచి అవసరం లేకుండా చెట్లు చూస్తుంటాడు. పోస్టూ అంతే. మొహం చూడాలి. ఇదీ నా విద్య. మొన్నామధ్య గుడివాడలో ఏమైందో తెలుసా?"

"తెలీదండి," అన్నాడు యాకోబు, కాళ్లు చాపుకుంటూ.

"ఉప్పు అయిపోతోందని పోస్టు. రేపట్నుంచి దేశంలో ఉప్పు ఉండదు, ఇవాళే కొనుక్కోండి అని. నేను ఏదో పని మీద గుడివాడ వెళ్లి బజార్లో నడుస్తుంటే, కొట్ల ముందు జనం. ఏంటయ్యా అంటే ఫోను చూపించారు. నేను ఒక్కటే అడిగా. నీకెవరు పంపారు? ఫలానావాడు. వాడికి? వాడి బావమరిది. వాడికి? అలా ఒకళ్ల తర్వాత ఒకళ్లని పట్టుకుపోతే ఎక్కడ తేలిందనుకున్నారు? గోడౌనులో ఉప్పు తడిసి అమ్ముడుపోక ఏడుస్తున్న ఒక వ్యాపారి దగ్గర! మనకి కంగారు పుట్టించే వార్త వస్తే, ఆ కంగారు వల్ల ఎవడికి లాభమో చూడాలమ్మా. అదీ మొదటి సూత్రం. నేను అక్కడే అరుగెక్కి, ఒరే, పక్కన బందరు సముద్రం పెట్టుకుని ఉప్పు అయిపోవడమేంట్రా అని ఒక్క కేక వేశా. ఆ పదిహేను వందల మందీ..."

"ఇందాక జనం అన్నారు గానీ లెక్క చెప్పలేదే?" అంది రావమ్మ. షెడ్డులో అందరికంటే పెద్దది, దివిసీమ మనిషి. కరక్కాయలు దంచుతూనే మాట్లాడుతుంది.

"రెండు వేలు పైనే. బస్సులు ఆగిపోయాయి. నా కేకకి సంచులు అక్కడే పడేసి ఇళ్లకి పోయారు."

"మరి ఆ వారమే మీ ఇంట్లో మూడు బస్తాల ఉప్పు దిగిందని మీ ఆవిడ చెప్పిందే. ఇప్పటికీ ఆవకాయలో అదే వేస్తున్నానంది."

"అవి సాక్ష్యం కోసం కొన్నవి రావమ్మా. రేపు కేసయితే చూపించొద్దూ?"

యాకోబు నవ్వాడు. వీరదుర్గ నవ్వలేదు. వరండా స్తంభం నీడ మొదటి గుడ్డల మూట దాటి రెండో మూట మీదికి వచ్చింది. "బాబాయిగారూ, మరి ఈ పోస్టు..." అని నోట్లోనే అనుకుంది. పైకి రాలేదు. ఆమె గొంతు షెడ్డులో విన్నవాళ్లు తక్కువ. ఐదో తరగతిలో బడి మానేసినప్పట్నుంచీ ఆమె మాట్లాడేదంతా చెక్క అచ్చులతోనే.

"ఉప్పు సంగతి చిన్నది," అన్నాడు పిచ్చేశ్వరరావు గారు, మళ్లీ టీ పోయించుకుని. "దాంతో నా పేరు పాకిపోయింది. పాకి ముదినేపల్లి చెరువుల వాళ్లదాకా వెళ్లింది. కారు పంపారు. ఎందుకూ? ముదినేపల్లి చేపకి జబ్బొచ్చింది, తింటే మనిషికి పొలుసులు మొలుస్తున్నాయి అని పోస్టు. ఫోటో కూడా పెట్టాడు దొంగ వెధవ. లారీలు ఆగిపోయాయి. రైతులు గట్టు మీద కూలబడ్డారు. నేను కారు దిగకుండానే ఫోను చూశా. చూసి, ఇది మన చేప కాదు పొమ్మన్నా."

"ఎలా తెలిసిందండీ?"

"చేప ఎడమవైపు చూస్తోంది యాకోబూ! మన ముదినేపల్లి బొచ్చె చేప ఎప్పుడైనా ఎడమవైపు చూస్తుందా? మేత వేసే పడవ కుడివైపు నుంచి వస్తుంది. పుట్టిందగ్గర్నుంచీ కుడివైపే చూసి చూసి దాని మెడ అలాగే పడిపోతుంది."

"చేపకి మెడ ఎక్కడుందండీ?"

"అదే కదా నేను చెప్పేది! చూసేవాళ్లకి కనపడదు. రైతులకి నమ్మకం కుదరలేదు. సరే అని ఆ ఫోను పట్టుకెళ్లి చెరువు నీళ్ల దగ్గర ఇలా చూపించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెరువులో చేపలన్నీ గట్టు దగ్గరికొచ్చి, తలలు పైకెత్తి, ఆ ఫోటో చూసి, ఒక్కసారిగా వెనక్కి తిరిగిపోయాయి. ఎవడో తెలియనివాడని. నలభై ఎకరాల చెరువు! ఆ కెరటానికి గట్టు మీద మోటారు తడిసిపోయింది."

అనసూయమ్మగారు చెవి దగ్గర ఫోను పెట్టుకునే, "బావగారూ, మన కాలవ సంగతి," అంది.

"వస్తున్నానమ్మా, దార్లోనే ఉంది. దివిసీమ దాటితే మన కాలవే. రావమ్మా, మీ నాగాయలంకలోనే జరిగింది. సముద్రం పొంగి..."

రావమ్మ రోకలి ఆపేసింది. "ఉప్పెన మాట నవ్వులాటకి వద్దు. నాకు పదమూడేళ్లప్పుడు తాటిచెట్టు పట్టుకుని బతికాను. అలాంటి పోస్టు వస్తే నాకు ఇప్పటికీ కాళ్లూ చేతులూ ఆడవు. ఎవడు పుట్టిస్తాడో గానీ, వాడికి మా ఊరి రాత్రి తెలీదు."

పిచ్చేశ్వరరావు గారు తల దించాడు. కానీ మాట లేకుండా ఆయన కూర్చోగలిగింది ఒక్క క్షణమే.

"ఉప్పెన కాదులే రావమ్మా. మొసళ్లు. నాగాయలంక రేవులోకి ఐదు వందల మొసళ్లు వచ్చాయని పోస్టు. ఫోటో చూస్తే నిజంగానే ఇసకంతా మొసళ్లే, కాలు పెట్టే చోటు లేదు. పడవలు కట్టేశారు. పెళ్లివారు రేవు దాటలేక రెండు రోజులు ఇవతలే కూర్చున్నారు. పెళ్లికూతురు అవతలి ఒడ్డున. నాకు ఫోను. వెళ్లా. ఆ ఫోటో తీసుకుని ఇలా వేళ్లతో పెద్దది చేశా. దుర్గా, విను, ఇది మీ పనికి దగ్గర విషయం. ఒక మొసలి నోరు తెరిచింది. దానికి కింద మూడో పన్ను లేదు. సరే. పక్క మొసలి చూశా. దానికీ మూడో పన్ను లేదు. దాని పక్కదానికీ లేదు. ఐదు వందల మొసళ్లకీ మూడో పన్ను లేదు!"

"పళ్ల డాక్టరు ఒకడేనేమో," అన్నాడు యాకోబు.

"మొసలే ఒకటి! ఒక్క మొసలిని అచ్చులాగా పట్టుకుని, మీరు బల్ల మీద చిలకని అద్దినట్టు, ఐదు వందల సార్లు అద్దాడు వెధవ! అచ్చులో లోపముంటే అద్దిన ప్రతి చోటా అదే లోపం పడుతుంది. అందుకే అంటాను. రాతలు చదవొద్దు, రాతలు ఎవడైనా రాస్తాడు. బొమ్మ చూడు. బొమ్మ ఎక్కడిది, ఎప్పటిది, తీసింది ఎవడు. ఈ మూడూ అడగండి. పోస్టు నోరు మూసుకుంటుంది."

మొదటిసారి వీరదుర్గకి ఆయన మాట చెవిన పడింది. పక్కనున్న రావమ్మ ఫోను నెమ్మదిగా తన వైపు జరుపుకుంది. పొద్దుట్నుంచి ఆ ఫోటో చూడాలంటేనే భయమేసి సరిగా చూడలేదు. నలుపు అంటిన రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. ఎర్రటి నీళ్లు. మెట్టు. చేపలు. మెట్టు పక్కన గడ్డిలో ఏదో గుడ్డ ఆరేసి ఉంది.

"మరి ఢిల్లీ సంగతి చెప్పలేదు కదూ?" అంటున్నాడు పిచ్చేశ్వరరావు గారు. ఆయన కుర్చీ కూడా ఆయనతోపాటు ముందుకు జరుగుతోంది. "మొసళ్ల తర్వాత ఢిల్లీ నుంచి ఫోను. అయ్యా, దేశం మొత్తం మీద రోజుకి లక్ష బ్రేకింగ్ న్యూసులు పుడుతున్నాయి, ఏది నిజమో మావల్ల కావడం లేదు, మీరు ఒకసారి చూసి రైట్ అంటేనే వదుల్తాం అన్నారు. నేను పెడన వదిలి రానన్నా. సరే అని ఇక్కడే నా ఫోనులోకి పంపించారు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ చూసేవాణ్ణి. రైట్, రైట్, హోల్డాన్. రైట్, హోల్డాన్. ఒకరోజు నాకు జలుబు చేసి పడుకుంటే, దేశంలో ఆ పూట వార్తలే లేవు. టీవీలో పాటలు వేసుకున్నారు. ఫోను వేడెక్కిపోయి మా ఆవిడ దాని మీద అప్పడాలు కాల్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అబద్ధపు పోస్టులకి నా పేరంటేనే హడలు. మొన్న ఒక పోస్టు, నా ఫోనులోకి వచ్చింది, తలుపు తీసినట్టు తీసింది, నన్ను చూసింది. చూసి, తనంతట తానే డిలీట్ అయిపోయింది!"

"అమ్మో," అన్నాడు యాకోబు.

"క్షమాపణ కూడా చెప్పింది. అది వేరే మెసేజీలో."

"బావగారూ!" అనసూయమ్మగారి గొంతు ఈసారి గట్టిగానే ఉంది. "నాలుగున్నర అవుతోంది. దిగమంటారా, వద్దంటారా?"

పిచ్చేశ్వరరావు గారు లేచి నిలబడ్డాడు. ఫోను చేతి దూరంలో పెట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు. తల అటు వంచి, ఇటు వంచి, నిట్టూర్చాడు.

"నిజం," అన్నాడు. "ఇది నిజమమ్మా. అబద్ధమంటే మనకి సంతోషమే గానీ, నేను అబద్ధం చెప్పలేను. ఈ ఫోటో చూడు. తీసినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడు. వణుకు లేదు. ఎండ ఎటు పడాలో అటే పడింది. ఆ ఎరుపు చూడు, ఎంత బాగా పట్టాడో! ఇలాంటి చెయ్యి అబద్ధం ఆడదు. గుడ్డలు లోపల పెట్టించెయ్. యాకోబూ, దిగకు."

అనసూయమ్మగారు మూటల వైపు చూసింది. "సరే, లోపల పెట్టండి," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వీరదుర్గ మొహం చూడలేదు.

రావమ్మ మూట అందుకుంది.

వీరదుర్గ చేతిలో ఫోను. ఫోనులో ఆ గడ్డి మీద గుడ్డ. గుడ్డ నిండా చిలకలు. చెప్పొచ్చు. చెప్తే రెండేళ్లుగా దాచుకున్నది బయట పడుతుంది. చెప్పకపోతే అరవై చీరలు పోతాయి. మూట గడప దాకా వెళ్లింది.

"బాబాయిగారూ," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఆ మొసలికి మూడో పన్ను లేదన్నారు కదండీ."

"అన్నానమ్మా. ఒకదానికి కాదు, ఐదు వందలకీ."

"ఈ చిలకలకి ముక్కు లేదండీ."

అందరూ ఆగారు.

"ఏ చిలకలు?" అన్నాడాయన.

"ఫోటోలో. గట్టు మీద ఆరేసిన గుడ్డలో. చూడండి, ఒక్కదానికీ ముక్కు లేదు. అది మన అచ్చే. ముక్కు విరిగిన అచ్చు." ఆమె తల వంచుకుంది. "రెండేళ్ల కిందట అది నా చేతిలోంచి జారి పడి విరిగింది. భయమేసి, తుడిచి మళ్లీ అలమార్లో పెట్టేశాను. కొత్త అచ్చు చెక్కించేదాకా ఓ ఇరవై రోజులు ముక్కు లేకుండానే అద్దాం కదండీ. ఆ ఇరవై రోజుల్లో తీసిన ఫోటో ఇది. ఆ ఎరుపు విషం కాదు. మన గుడ్డ ఉడకేసి జాడించినప్పుడు వదిలిన రంగు."

అనసూయమ్మగారు ఫోను లాక్కుని చూసింది. చూసి, వీరదుర్గని చూసింది.

"ఆ అచ్చు విరగ్గొట్టింది నువ్వా?"

"నేనేనండీ."

"పిల్లి పడేసిందనుకున్నాం కదే!" అంది రావమ్మ. "పాపం, ఆ పిల్లిని సంచిలో వేసుకుని గూడూరు దాకా వెళ్లి వదిలేసొచ్చానే!"

యాకోబు అప్పటికే అనసూయమ్మగారి భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. "అమ్మగారూ, ఆగండాగండి. ఆ చేపలు కొంచెం పెద్దవి చెయ్యండి. మొప్పల్లోంచి కొబ్బరితాడు దూర్చి ఉంది చూడండి. ఆ ముడి నాదేనండి! ఏడు కొర్రమీన్లు. కడుగుదామని మెట్టు మీద పెట్టాను. ఆ రోజు ఇక్కడే పొయ్యి పెట్టి రావమ్మ పులుసు చెయ్యలేదూ? అందరం తిన్నాం!"

"నాలుగు ముక్కలు ఈయనే తిన్నాడు," అంది రావమ్మ, పిచ్చేశ్వరరావు గారిని చూపిస్తూ. "తల కూడా ఈయనకే వేశాను."

"అయితే ఈ ఫోటో తీసిందెవరు?" అంది అనసూయమ్మగారు.

అందరూ పిచ్చేశ్వరరావు గారి వైపు తిరిగారు. ఆ రోజే ఆయన కొత్త ఫోను కొన్నాడు. ఎండ పడాలని అందర్నీ పక్కకి జరగమన్నాడు. ఎరుపు బాగా రావాలని యాకోబు చేత ఇంకో రెండు చీరలు జాడింపించాడు. తీసిన ఫోటో కనపడ్డ గ్రూపులన్నిట్లో పెట్టాడు. దాన్ని ఎవడో ఎక్కడో పట్టుకుని, పైన ఎర్ర పట్టీ కట్టి, విషం కలిపి, మళ్లీ పెడనకే పంపించాడు.

"పొద్దున్న దీన్ని మన గ్రూపులో పెట్టింది కూడా..." అనసూయమ్మగారు వేలితో పైకి జరిపి పేరు చూసింది. "మీరే కదా బావగారూ. అయిదూ నలభైకి."

పిచ్చేశ్వరరావు గారు కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"అప్పటికి నేను ఇంకా పళ్లు తోముకోలేదు," అన్నాడు.

అంతలో అనసూయమ్మగారి ఫోను మోగింది. లస్కరు. మధ్యాహ్నం నిద్రపోయానన్నాడు. పైన లాకుల దగ్గరా అడిగి చెప్పమంటే, ఐదు నిమిషాల్లో మళ్లీ చేశాడు. ఎక్కడా ఏమీ లేదు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, మూడు లాకుల దగ్గరా పిల్లలు ఈతలు కొడుతున్నారు, ఆరింటికి మాత్రం తలుపులు దించేస్తాం అన్నాడు.

"విన్నారుగా," అంది అనసూయమ్మగారు. "మూటలు మెట్ల దగ్గరికి. ఒక చెయ్యి చాలదు, అందరూ రండి." రెండడుగులు వేసి వీరదుర్గ దగ్గర ఆగింది. "చెప్పడానికి రెండేళ్లు పట్టిందా నీకు? సరే. ఇప్పుడు చెప్పావు కదా. పద, నీ సరుకు, నువ్వే దగ్గరుండి జాడించు."

యాకోబు లుంగీ ఎగ్గట్టి, దబ్బున నీళ్లలోకి దూకాడు. నడుముల్లోతు నీళ్లలో నిలబడి మొదటి గుడ్డ విప్పి వదిలాడు. పారే నీళ్లలో అది పొడుగ్గా సాగింది. పటిక తేలి, నురగై, కిందికి వెళ్లిపోయింది. నలుపు గీత మీద గీత తేటగా నిలబడింది.

గట్టు మీద పిచ్చేశ్వరరావు గారు కాసేపు దిగాలుగా నిలబడ్డాడు. కాసేపే.

"ఒకటి మాత్రం ఒప్పుకోవాలి," అన్నాడు గొంతు సవరించుకుని. "నేను తీసిన ఫోటో ఈవేళ జిల్లా మొత్తాన్ని నీళ్లలో దిగకుండా ఆపేసింది. ఆ ఎరుపు నా చేతిది! రేపు ఢిల్లీ నుంచి..."

"బాబాయిగారూ," అంది వీరదుర్గ, తడిగుడ్డ కొస చేతిలో పట్టుకుని. "ఆ రెండో కొస మీరు పట్టుకోండి. తొందరగా దిగండి, టైము లేదు."

ఆయన పంచె పైకి కట్టాడు. మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. నీళ్ల దగ్గరకొచ్చేసరికి ఆగి, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, ముందు ఒక్క కాలి బొటనవేలు మాత్రం ముంచాడు. ముంచి, తీసి, వంగి, దాన్ని జాగ్రత్తగా చూసుకున్నాడు.

"వేళ్లు ఐదూ ఉన్నాయా అండీ?" అంది వీరదుర్గ.